తిరుపతి నుంచి 50 కిలోమీటర్ల సైకిల్ చుట్టు: మంగాపురం, రంగంపేట, చంద్రగిరి

మీరడిగింది ఇదీ: తిరుపతిలో పొద్దున్నే బయల్దేరి ఎండ ముదిరేలోపు ఇంటికి చేరాలి, దారిలో కొండలూ ఊళ్ళూ రెండూ తగలాలి, గేర్ల హైబ్రిడ్ సైకిలుంది కాబట్టి భాకరాపేట ఘాట్ కూడా కలుపుకోవచ్చా అని. ఘాట్ వద్దు. మదనపల్లె బస్సులూ లారీలూ ఆ దారిలోనే తిరుగుతాయి, మలుపుల్లో సైకిలుకి పక్కకు తప్పుకునే చోటుండదు. 2022 మార్చిలో నిశ్చితార్థానికి పోతున్నవాళ్ళ బస్సు లోయలో పడింది అక్కడే. ఘాట్ మొదలవకముందే ఎ.రంగంపేటలో వెనక్కి తిరిగితే 50 కిలోమీటర్లకు అటూఇటూగా మంచి చుట్టు వస్తుంది.

అలిపిరి నుంచి జూపార్కు రోడ్డు పట్టుకుని చెర్లోపల్లె, అక్కణ్నుంచి శ్రీనివాసమంగాపురం. గుడి దాటాక కొండవైపు తిరిగి, తిరుమలకు నడిచి ఎక్కే మెట్లదారి మొదలయ్యే శ్రీవారి మెట్టు దాకా పోయి మళ్ళీ మంగాపురానికే రావాలి, రానూపోనూ పది పన్నెండు కిలోమీటర్లు. తర్వాత రంగంపేట, తిరుగుదారిలో చంద్రగిరి కోట, తొండవాడ, తిరుపతి. కొందరు దీన్నే తలకిందులుగా, చంద్రగిరి ముందు పెట్టుకుని తిరుగుతారు. అలా చేస్తే శ్రీవారి మెట్టు ఎక్కుడు తొమ్మిది గంటల ఎండలో పడుతుంది. పైగా తిరుపతి నుంచి పడమరకు పోయేకొద్దీ నేల లేస్తూనే ఉంటుంది. కంటికి చదునుగానే కనిపిస్తుంది, కాళ్ళకే తెలుస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి కూడా ఎదురే. ఆ కష్టమంతా చల్లటి పూట తీరిపోతే, చంద్రగిరి నుంచి ఇంటికి దిగుడూ వెనకగాలీ మీవైపుంటాయి.

చల్లగా ఉంటుందని నాలుగున్నరకే బయల్దేరకండి. జూపార్కు రోడ్డూ మెట్టు రోడ్డూ రెండూ శేషాచలం అడవి అంచునే పోతాయి, చీకట్లో చిరుతలు తిరుగుతాయి. బాగా వెలుతురొచ్చాకే, వీలైతే ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. చంద్రగిరి మండలంలో పొలాల మీదికి ఏనుగులు దిగే రోజులుంటాయి కాబట్టి రంగంపేట వైపు అడ్డదారులు తొక్కేముందు టీ అంగట్లో అడగండి. ఊళ్ళోవాళ్ళు వద్దన్నారంటే వద్దనే. శ్రీవారి మెట్టు దగ్గర అసలు బెడద కోతులు. హ్యాండిల్ సంచిలో అరటిపండు కనబడిందా, జిప్పుతో సహా పోతుంది.

గేర్ల సంగతికొస్తే, ముందు 28 పళ్ళ చక్రం, వెనక 32 ఉంటే ఈ చుట్టులో ఏ మిట్టా దిగి తోయనక్కర్లేదు. మిట్ట మొదలవకముందే గేరు తగ్గించండి. సగం ఎక్కాక, బలమంతా పెడలు మీద ఉన్నప్పుడు మారిస్తే చైను తటపటాయించి ఊడుతుంది.

ఇక్కడ సైకిలుని ఆపేది కొండ కాదు, ముల్లు. రోడ్డంచున సర్కారు తుమ్మ, పల్లేరు కాయలు. 35 మిల్లీమీటర్ల టైరుకి, 70, 75 కిలోల మనిషికి ముందు 50, వెనక 55 పీఎస్ఐ గాలి చాలు. పంక్చరైతే కొత్త ట్యూబు వేసేసి పైకి లేవకండి. ముల్లు బయట విరిగిపోయి మొన మాత్రం టైరు లోపల నిలుస్తుంది, పైనుంచి చూస్తే కనబడదు. పాత గుడ్డముక్క టైరు లోపలివైపు ఒత్తి చుట్టూ తిప్పితే మొన దగ్గర పోగు తగులుకుంటుంది. అక్కడ పట్టకారుతో లాగాలి. ఇది చేయనివాళ్ళకే అర కిలోమీటరులో రెండో పంక్చరు. రెండు ట్యూబులు, చిన్న పంపు, టైరు లివర్లు సరిపోతాయి. మీది సన్నటి ప్రెస్టా వాల్వయితే ఊరి పంక్చరు అంగడి పంపు పట్టదు, ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో వేసుకోండి.

డిసెంబరు, జనవరి నెలల్లో ఊళ్ళ దగ్గర ఉలవ చెట్లు పీకి రోడ్డు మీద పరుస్తారు, బండ్ల చక్రాల కింద గింజ రాలాలని. కారుకి ఏమీ కాదు. సైకిలుకి మాత్రం ఆ తీగ వెనక గేరు మార్చే డిరైలర్ చిన్న చక్రాల్లో చుట్టుకుంటుంది. పెడలు బరువెక్కగానే ఆపండి. గట్టిగా తొక్కితే డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది, ఆపైన డిరైలర్ ఊచల్లోకి పోతుంది, ఆటో పిలవాల్సిందే. దిగి, చైను వెనక్కి తిప్పుతూ చేత్తో తీగ లాగేస్తే రెండు నిమిషాల పని. అసలు అంతదాకా ఎందుకు, పది అడుగులు సైకిలు ఎత్తుకుని దాటొచ్చు. రైతు పంట అది.

నీళ్ళు: 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, ఒకదాంట్లో ఓఆర్‌ఎస్. మంగాపురంలో నింపుకోవచ్చు, చంద్రగిరిలో నింపుకోవచ్చు. టిఫిను చంద్రగిరి చేరాకే తినండి. ముందే పూరీలు లాగిస్తే మెట్టు రోడ్డులో తెలుస్తుంది. చంద్రగిరి కోటలోని రాజమహల్ మ్యూజియం లోపల చూడాలనుంటే శుక్రవారం కాకుండా పెట్టుకోండి, ఆ రోజు సెలవు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, తుఫాను రోజులు తప్ప. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగింది, శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని 2022 మే దాకా మూసే ఉంచారు. వంక మీద నీళ్ళు పారుతుంటే చక్రం సగం లోతే కదా అని దిగొద్దు. సంక్రాంతికి రంగంపేటలో పశువుల పండగ, ఆ పూట రోడ్డంతా జనమూ ఎద్దులూ. చూడాలనుంటే సైకిలు ఇంట్లో పెట్టి బస్సులో వెళ్ళండి.