రెండు సర్వేలు, రెండు అంకెలు: ప్రాజెక్టులో ఏది రాయాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ న్యూట్రిషన్ చదువుతున్నాను. చిన్నపిల్లల్లో రక్తహీనతపై డిసర్టేషన్ రాస్తున్నాను. దేశంలో 58 శాతం పిల్లలకు ఉందని ఒకచోట, 41 శాతమని మరోచోట కనిపిస్తోంది. నమ్మదగినవే తీసుకోమని గైడ్ అంటున్నారు. అవేవో ఎలా తెలుస్తుంది?
- ఓ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీకు దొరికిన అంకెలు రెండూ నమ్మదగినవే. 58.6 శాతం 2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోది. 41 శాతం 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలోది. రెండింటినీ చేయించింది కేంద్ర ఆరోగ్య శాఖే. తేడా ఎక్కడుందో తెలియాలంటే ముందుమాట వదిలేసి, రక్తం ఎలా తీశారో రాసిన పేజీలు చదవండి. మొదటి సర్వేలో వేలు గుచ్చి తీసిన చుక్కను ఇంటి దగ్గరే చిన్న పరికరంతో పరీక్షించారు. రెండోదాంట్లో సిర నుంచి రక్తం తీసి ల్యాబ్‌కు పంపారు. వేలిని గట్టిగా నొక్కితే కణజాల ద్రవం కలిసి, హిమోగ్లోబిన్ తక్కువగా కనిపించవచ్చు. వయసులూ ఒకటి కావు. అక్కడ 6 నుంచి 59 నెలలు, ఇక్కడ 1 నుంచి 4 ఏళ్లు.

కాబట్టి ఒకదాన్ని కొట్టేయకండి. రెండూ పక్కపక్కన పెట్టి, కొలిచిన తీరు రాయండి. కాలక్రమంలో మార్పు చూపాలంటే మాత్రం ఒకే సర్వే వరుసను పట్టుకోండి: కుటుంబ ఆరోగ్య సర్వేలో 58.6 ఉన్నది 2019-21 నాటికి 67.1 అయింది.

వార్తాకథనాలు, వికీపీడియా, యూట్యూబ్ దారి చూపడానికి పనికొస్తాయి. అక్కడి అంకెను అక్కడి నుంచే ఎత్తి రాయకండి, అసలు నివేదిక తెరవండి. ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులైతే ఒక్కొక్కటీ వెతికి చూడాల్సిందే. లేని పేపర్లకు కూడా అది చక్కటి శీర్షికలు అల్లగలదు.

జర్నళ్ల సంగతి కాస్త చిక్కు. ‘డబ్బు కట్టండి, మీ పేపర్ వారంలో వేస్తాం’ అని మెయిల్ పంపే జర్నళ్లను పక్కన పెట్టేయండి. వారంలో సమీక్ష ఎవరు చేస్తారు? నమ్మదగిన జర్నళ్లంటూ యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చిన యూజీసీ-కేర్ జాబితాలో ఉందంటే చాలని మీ సీనియర్లు చెప్పి ఉంటారు. ఆ జాబితాను 2025లో యూజీసీయే ఆపేసింది. పెద్ద పేరు చూసి నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన పేపర్ 1998లో వచ్చింది పేరున్న వైద్య జర్నల్ లాన్సెట్‌లోనే, వెనక్కి తీసుకున్నది 2010లో. అందుకే ఏ పేపర్ వాడినా, దాన్ని ఉపసంహరించారేమో జర్నల్ వెబ్‌సైట్‌లో చూడండి. రెండు నిమిషాల పని.

ఇదంతా మార్కుల కోసమే అనుకోకండి. రేపు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలాంటి చోట ప్రాజెక్టు ఉద్యోగానికి వెళితే, మీ డిసర్టేషన్ తిరగేసి ‘ఈ అంకె ఎక్కడిది, ఎలా కొలిచారు’ అని అడగొచ్చు. ‘గూగుల్‌లో చూశాను’ అంటే ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయినట్టే.

రాష్ట్రస్థాయి అంకెలు ఇస్తున్నారా? 2005-06 నాటి మూడో కుటుంబ ఆరోగ్య సర్వేలో ‘ఆంధ్రప్రదేశ్’ అంటే తెలంగాణ కలిసిన పాత రాష్ట్రం. నాలుగో సర్వే నుంచి రెండూ వేరు. పాత అంకెను ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌తో నేరుగా పోల్చి గ్రాఫ్ గీయకండి. తప్పదంటే పట్టిక కిందే ఆ విషయం రాసిపెట్టండి.