బావ పంపిన గేమ్ కోడ్ ఎక్కట్లేదు, డబ్బు ఎవరిని అడగాలి?

ప్రశ్న: మా అబ్బాయి పుట్టినరోజుకి డాలస్‌లో ఉండే మా బావగారు ఏదో వెబ్‌సైట్‌లో స్టీమ్ (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) గేమ్ కోడ్ కొని వాట్సాప్‌లో పంపారు. ఇక్కడ కొడితే ఈ గేమ్ మీ దేశంలో దొరకదు అని వస్తోంది. స్టీమ్ వాళ్లని రిఫండ్ అడగొచ్చా? వీపీఎన్ పెడితే అయిపోతుంది అంటున్నాడు మావాడు.
- కె.ఎస్., ఖమ్మం

జవాబు: ముందు ఆ వీపీఎన్ ఆలోచన మాన్పించండి. ఉన్న చోటు దాచి కోడ్ ఎక్కించడం స్టీమ్ రూల్స్‌కి విరుద్ధం, దొరికితే అకౌంట్‌కే ముప్పు, అందులో ఇప్పటిదాకా కొన్న గేములన్నీ చిక్కులో పడతాయి. ఇక రిఫండ్ సంగతి. స్టీమ్ డబ్బు వెనక్కిచ్చేది తన స్టోర్‌లో కొన్నవాటికే. మీ డబ్బు ముట్టింది ఆ వెబ్‌సైట్‌కి కాబట్టి అడగాల్సింది వాళ్లనే, అదీ మీరు కాదు, కార్డు వాడిన బావగారు. కోడ్ ఇంకా వాడలేదు, మీకు కలిసొచ్చేది అదే. ఎర్రర్ వచ్చిన స్క్రీన్ ఫొటో ఆయనకి పంపి, కొన్న పేజీలో రీజియన్ దగ్గర ఏం రాశారో చూడమనండి. అమెరికాకి మాత్రమే అని ఉంటే గట్టిగా అడగలేరు, అక్కడే ఎవరికైనా ఇచ్చేయడం మేలు. అలా ఏమీ లేకపోతే వదలొద్దు, సైట్ వాళ్లు వినకపోతే కార్డు బ్యాంకులో డిస్ప్యూట్, అంటే ఆ చెల్లింపు మీద ఫిర్యాదు, వెయ్యొచ్చు. అయినా చాలా గేములు మన దగ్గరే చవక, డాలర్లు పోయడం దేనికి? ఈసారి స్టీమ్‌లోనే డిజిటల్ గిఫ్ట్ కార్డు పంపమనండి, వాలెట్‌లో రూపాయల్లోనే పడుతుంది.

ప్రశ్న: స్టీమ్‌లో కొన్న గేమ్ 5 గంటలు ఆడాక బోర్ కొట్టింది. హెల్‌డైవర్స్ 2కి ఎంత ఆడినవాళ్లకైనా డబ్బు వెనక్కిచ్చారట, నేనూ అడగొచ్చా?
- ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: అడగండి, పోయేదేం లేదు, కానీ ఆశ పెట్టుకోకండి. కొని 14 రోజులు దాటకూడదు, ఆట 2 గంటలు మించకూడదు, ఇదీ లెక్క. హెల్‌డైవర్స్ 2 కథ వేరు. 2024 మేలో ఆ గేమ్ విడుదల చేసిన సోనీ, పీసీలో ఆడేవాళ్లు కూడా తన ప్లేస్టేషన్ అకౌంట్ కలపాల్సిందే అంది. ఆ అకౌంట్ తెరిచే వీలే లేని దేశాలు బోలెడు, దాంతో 170కి పైగా దేశాల్లో స్టీమ్‌లో గేమ్ అమ్మకమే ఆగిపోయింది. డబ్బు కట్టినవాళ్లు ఊరుకుంటారా, పెద్ద గొడవైంది, కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. 2 గంటలు దాటినా చాలామందికి రిఫండ్ వచ్చింది అందుకే, బోర్ కొట్టి కాదు. ప్లేస్టేషన్ స్టోర్‌లో అయితే ఆ 2 గంటల వెసులుబాటు కూడా ఉండదు, 14 రోజుల్లోపే అడిగినా సరే, డౌన్‌లోడ్ మొదలైతే గేమ్‌లో లోపం ఉంటే తప్ప డబ్బు రాదు. ఆటో డౌన్‌లోడ్ ఆపేసి కొనండి.