నేత సందేహాలు: స్కిన్నర్ మిల్లు, గట్టుప్పల్ బోరు నీళ్లు

ప్రశ్న: విలియం స్కిన్నర్ అనే లండన్ అద్దకపు పనివాడు అమెరికాలో పట్టు మిల్లు పెట్టి, వరదలో అంతా పోగొట్టుకున్నాడట. మళ్లీ ఎట్లా నిలబడ్డాడు? ఇంకోటి, మేం బోరు నీళ్లతో పట్టు ఉడికిస్తే రంగు మచ్చలు మచ్చలుగా ఎక్కుతోంది. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, గట్టుప్పల్, నల్లగొండ జిల్లా

జవాబు: స్కిన్నర్ 1824లో పుట్టాడు. పట్టుకు రంగులద్దడం ఇంటి విద్య. 1840లలో అమెరికా చేరి, మసాచుసెట్స్‌లో మిల్ నది ఒడ్డున మిల్లు పెట్టాడు. ఆ ఊరికి స్కిన్నర్‌విల్ అనే పేరొచ్చింది. ఎగువన మిల్లుల యజమానులు కూడి కట్టించుకున్న జలాశయం మట్టికట్ట 1874 మే 16న తెగి 139 మంది చనిపోయారు. మిల్లు ఆనవాలు లేకుండా పోయింది, ఇల్లు మాత్రం మిగిలింది. స్కిన్నర్ మకాం అదే రాష్ట్రంలోని హోల్యోక్ పట్టణానికి మార్చాడు. ఇంటిని కూడా విప్పించి అక్కడే మళ్లీ కట్టించాడు! అక్కడి మిల్లు నుంచి వచ్చిన శాటిన్‌కు అంచులోనే కంపెనీ పేరు నేసేవారు. నకిలీ సరుకుతో నలిగిపోతున్న మన చేనేతకూ పనికొచ్చే ఉపాయమే అది.

ఇక మీ మచ్చలు. తప్పు రంగుది కాకపోవచ్చు, ముందు నీళ్లను చూడండి. ఒక సీసాలో బోరు నీళ్లు పోసి, సబ్బు ముక్క వేసి గిలకొట్టండి. నురగ రాకుండా తెల్లటి తరకలు తేలితే అవి సున్నం ఎక్కువున్న నీళ్లు (కఠిన జలం). సబ్బు ఆ నీళ్లలోని సున్నంతో కలిసి జిడ్డుగా పోగును పడుతుంది. జిడ్డున్న చోట రంగు దిగదు.

పట్టును ఉడికించేది పోగుకు పుట్టుకతో ఉండే జిగురు పోగొట్టడానికే. కిలో ముడి పట్టుకు 30 లీటర్ల నీళ్లు, 200 నుంచి 250 గ్రాముల మంచి సబ్బు చాలు. వాన నీళ్లు దొరక్కపోతే, సబ్బు కంటే ముందే నీళ్లలోని సున్నాన్ని పట్టి ఉంచే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ అనే పొడిని లీటరుకు 1 గ్రాము చొప్పున కలపండి. ఇనుప గిన్నె వద్దు, తుప్పు మరక పడుతుంది. 90 డిగ్రీల పైన, తెర్లనివ్వకుండా ముప్పావు గంట ఉంచి, చిలపలను (పట్టు నూలు కట్టలను) తిప్పుతూ ఉండండి. తెర్లితే పోగు చిక్కుపడి నూగు లేస్తుంది. సబ్బు బదులు బట్టల సోడా దట్టిస్తే జిగురు తొందరగానే పోతుంది గానీ పోగు బలమూ దానితోనే పోతుంది.

దించగానే చన్నీళ్లలో ముంచొద్దు, వదిలిన జిగురు మళ్లీ అంటుకుంటుంది. మొదట వేడినీళ్లు, తర్వాత గోరువెచ్చనివి, చివరికి చన్నీళ్లు. ఆరబెట్టి తూచండి. కిలోకు దాదాపు 750 గ్రాములు తూగితే జిగురు పోయినట్టే. 850 తూగితే రంగు జోలికి పోకుండా ఇంకోసారి ఉడికించండి.