ఖాళీ సంపుతోనే జాగ్రత్త

చి॥ చిన్నాకి,

పెదనాన్న ఆశీస్సులు. ప్లాను చూశాను. సంపు ఈశాన్యంలో, లోపల 3 మీటర్ల పొడుగు, 2 వెడల్పు, 2 లోతు. సరిపోతుంది. వాస్తు చూసినాయన ఎక్కడ తవ్వాలో చెప్పి వెళ్లిపోయాడు, గోడ సంగతి నేను చెబుతాను.

మేస్త్రి ఇటుక గోడ చాలంటున్నాడట, ఒప్పుకోకు. నీరు అడుగునే కాదు, పక్కలకీ నెడుతుంది, లోతుకి పోయేకొద్దీ గట్టిగా. మీటరు లోతున చదరపు మీటరుకి టన్ను, రెండు మీటర్ల దగ్గర 2 టన్నులు. పైన సున్నా, అడుగున 2, సగటున 1 వేసుకో. నీ పొడుగు గోడ 6 చదరపు మీటర్లు కాబట్టి సంపు నిండితే దాని మీద 6 టన్నుల తోపుడు. సగమే నింపావనుకో, 3 టన్నులు కాదు, ఒకటిన్నరే. లోతూ తగ్గింది, తడిసే గోడా తగ్గింది కదా. అందుకే కాంక్రీటు గోడే వెయ్యి. రాడ్డు రెండు ముఖాల్లోనూ కట్టించు: నిండినప్పుడు గోడ బయటికి వంగాలని చూస్తుంది, ఖాళీ అయితే బయటి మట్టీ ఊటనీరూ లోపలికి నెడతాయి.

అసలు భయం ఖాళీగా ఉన్నప్పుడే. మనది డెల్టా. కాలవలు వదిలి, వానలు కూడా పడితే గొయ్యి తవ్వగానే నీళ్లు. ఆ ఊటనీరు సంపు అడుగున చేరి పైకి నెడుతుంది. పక్కల తోపుళ్లు ఎదురూబొదురూ కాబట్టి ఒకదానికొకటి రద్దయిపోతాయి, కిందిదానికి ఎదురు నిలిచేది సంపు సొంత బరువే. నీ ప్లానులో గోడా అడుగూ ఆరేసి అంగుళాల మందం. నీరు నేలమట్టానికి వస్తే పైకి తోపుడు సుమారు 16 టన్నులు. పై శ్లాబుతో కలిపి సంపు బరువు 13 టన్నులు, శ్లాబు పడకముందు 11 కూడా ఉండదు. పడవలా లేస్తుంది. లేచినదాన్ని మళ్లీ కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు.

కాబట్టి అడుగు శ్లాబుని గోడల బయటికి చుట్టూ ఒక అడుగు పొడిగించు, పూడ్చాక ఆ అంచు మీది మట్టి బరువు కలిసొస్తుంది. పై శ్లాబు వేసి, చుట్టూ మట్టి కూరేదాకా నీళ్లు తోడే మోటారు ఆపనివ్వకు. రాత్రి కరెంటు పోతే? డీజిలు ఇంజను ఒకటి పక్కనే ఉంచుకో. ఆ తర్వాత కూడా వానాకాలంలో కడగడానికని పూర్తిగా తోడెయ్యొద్దు. ఆ పని ఎండాకాలంలో పెట్టుకో.

పై ట్యాంకు గురించి అడిగావు. వెయ్యి లీటర్లకి బదులు రెండు వేలది పెడితే షవరు జోరుగా వస్తుందని ప్లంబరు అన్నాడా? ట్యాంకు వెడల్పుకీ జోరుకీ సంబంధం లేదు. 10 మీటర్ల ఎత్తుకి చదరపు సెంటీమీటరుకి కిలో, అంతే లెక్క. మేడమీది షవరుకి నీ ట్యాంకు ఒక్క మీటరే ఎత్తులో ఉంది, అంటే వంద గ్రాములు. స్తంభాలు లేపి ఎత్తు పెంచు. ట్యాంకు నుంచి దిగే పైపు సన్నగా వెయ్యనివ్వకు. కుళాయి కట్టి ఉన్నంతసేపూ తేడా తెలియదు గానీ, తిప్పాక ఉన్న కాస్త జోరూ ఆ పైపులో రాపిడికే పోతుంది.

అడుగు శ్లాబు ముందురోజు ఫోన్ చెయ్యి, రాడ్డు కట్టింది వచ్చి చూస్తాను.

పెదనాన్న