అయిదు పువ్వులా, పువ్వు అయిదా?

సందేహం: ఒకప్పటి మెక్సికో వాసులైన అజ్టెక్కుల భోగదేవతల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ‘మాక్విల్‌షోచిట్ల్’ అనే దేవుడి పేరును ‘అయిదు పువ్వులు’ అనాలా, ‘పంచపుష్పుడు’ అనాలా? కల్లు దేవతలైన ‘సెంట్సోన్ తోతోచ్‌తిన్’ను ‘నాలుగు వందల కుందేళ్ళు’ అనవచ్చునా?

సమాధానం: ‘పంచపుష్పుడు’ వినసొంపుగానే ఉంది కాని, చిక్కంతా ఆ సొంపులోనే ఉంది. బహువ్రీహి కనుక అయిదు పూలు గలవాడనే అర్థమే వస్తుంది. ఆ వెంటనే పూలబాణాల పంచశరుడు, మన మన్మథుడు, పాఠకుడి మనసులో మెదులుతాడు. అసలు పేరు ఒక రోజుది. అజ్టెక్కుల 260 రోజుల పంచాంగంలో 1 నుంచి 13 వరకు అంకెలు పువ్వు, కుందేలు, బల్లి వంటి 20 గుర్తులతో వరసగా జతకూడుతాయి కాబట్టి, ఇక్కడి అయిదు పూలను లెక్కపెట్టే అయిదు కాదు.

మన పేకాటలో ‘ఇస్పేటు అయిదు’ అంటే ఒకే ముక్క, ‘అయిదు ఇస్పేట్లు’ అంటే చేతిలో అయిదు ముక్కలు. అదే పద్ధతిలో ‘పువ్వు అయిదు’ అనండి. (జూదానికి కూడా అధిదేవత అయిన ఆయన ఈ పోలికకు నొచ్చుకోడనే అనుకుంటాను.) ఈ భోగదేవతల పేర్లలోని అయిదు మితిమీరడానికి గుర్తు. సహగున్ అనే స్పానిష్ సన్యాసి 16వ శతాబ్దంలో కూర్చిన గ్రంథంలో, అందరూ నాలుగు గిన్నెలతో ఆగితే తానొక్కడూ అయిదోది తాగి, మత్తెక్కి, గోచీ విప్పేసిన నాయకుడి కథ ఉంది. ఆ పానీయం పేరు పుల్కే. కిత్తనార జాతి మొక్క రసాన్ని పులియబెట్టినది కనుక మీరు వాడిన ‘కల్లు’ సరైన మాటే, ‘సారా’ మాత్రం కుదరదు.

ఇక ‘తోచ్‌ట్లి’ ఒక కుందేలు, ‘తోతోచ్‌తిన్’ బహువచనం. కనుక ‘నాలుగు వందల కుందేళ్ళు’ నిర్దోషం. మనం ‘సవాలక్ష’ అన్నట్టే, ఇరవైలతో లెక్కించే వారికి ఇరవై ఇరవైలు, అంటే 400, లెక్కకు మించినదానికి పేరు. అయినా ‘సవాలక్ష కుందేళ్ళు’ అని మార్చకండి, వారి లెక్క తీరు మరుగున పడిపోతుంది. క్రియ దగ్గర మాత్రం జాగ్రత్త వహించండి: ‘కుందేళ్ళు తాగాయి’ అంటే అవి వట్టి జంతువులవుతాయి, ఇక్కడ చెప్పేది దేవతలను గురించి కనుక ‘తాగారు’ అనే రాయాలి.