‘2-15 తేడాతో ఓడింది’ అనవచ్చా?

సందేహం: ఐర్లండ్‌లో మేముండే ఊరి హర్లింగ్ (కర్రతో బంతిని కొట్టే ఐరిష్ జట్టు ఆట) క్లబ్ చరిత్రను తెలుగు చేస్తున్నాను. స్కోర్లు 2-15, 0-22 అని ఉన్నాయి. ‘2-15, 0-22 తేడాతో ఓడింది’ అని రాయవచ్చా? ‘జూనియర్ ఛాంపియన్‌షిప్’ గెలిచినవాళ్లు పిల్లలేనా? ‘పారిష్’కు తెలుగు మాట ఏది?

సమాధానం: ‘తేడాతో’ వద్దు. ‘భారత్ 3-1 తేడాతో గెలిచింది’ అని పత్రికల్లో రోజూ కనబడుతున్నా అది సరైన వాడుక కాదు. 3-1 స్కోరు, తేడా 2 గోల్స్. ‘40 పరుగుల తేడాతో’ అన్నచోట ఆ మాట అతుకుతుంది. ఇక్కడ ‘3-1తో గెలిచింది’ అంటే చాలు.

హర్లింగ్‌లో చిక్కు ఇంకా ఎక్కువ. ఫుట్‌బాల్ స్కోరులో గీతకు అటొక జట్టు, ఇటొక జట్టు. హర్లింగ్‌లో గీతకు రెండు పక్కలా ఉన్నది ఒకే జట్టు. ముందున్నవి గోల్స్, వెనకున్నవి పాయింట్లు. గోల్ స్తంభాలు ‘హెచ్’ అక్షరంలా ఉంటాయి, అడ్డకడ్డీ 2.5 మీటర్ల ఎత్తున ఉంటుంది. బంతి దాని కిందుగా పోతే గోల్, అంటే 3 పాయింట్లు. పైనుంచి పోతే 1 పాయింటు. ఆ లెక్కన 2-15 అంటే 21, 0-22 అంటే 22. ఒక్క గోలూ కొట్టని జట్టే నెగ్గింది! ‘2-15తో ఓడింది’ అని వదిలేస్తే మన పాఠకుడు ఒకరికి 2, అవతలివాళ్లకు 15 అనుకుంటాడు. మొదటిసారి ‘2 గోల్స్, 15 పాయింట్లు’ అని విడమరిచి, తర్వాత 2-15 (21), 0-22 (22) అని మొత్తాలతో సహా ఇవ్వండి. ‘ఒక్క పాయింటు తేడాతో ఓడింది’ అని నిక్షేపంగా రాయవచ్చు. అన్నట్టు, బహువచనం ‘గోల్స్’ అనే ఉండనివ్వండి. ‘గోళ్లు’ అంటే కత్తిరించుకునేవి.

మొత్తాలు వేసేముందు ఏడాది చూసుకోండి. 1892కు ముందు ఒక్క గోల్ ఎన్ని పాయింట్లకైనా మించినదే. అప్పట్లో 1-0 చేసిన జట్టు 0-6 చేసినదాన్ని ఓడించినట్టే లెక్క. అచ్చుతప్పనుకుని దిద్దారంటే చరిత్రే తారుమారవుతుంది. 1892లో గోల్ విలువ 5 పాయింట్లయింది, 1896లో 3కు దిగింది. ఆటగాళ్ల సంఖ్యా అంతే: మొదట జట్టుకు 21 మంది, 1892 నుంచి 17, 1913 నుంచి 15. పాత ఫొటోలో 21 మంది కనిపిస్తే అందులో అదనపు ఆటగాళ్లున్నారని వ్యాఖ్య రాయకండి.

మరో మెలిక. తొలి ఆల్-ఐర్లండ్ (ఐర్లండ్ మొత్తానికి జరిగే పోటీ) ఫైనల్ 1887 ఛాంపియన్‌షిప్‌ది, ఆడింది మాత్రం 1888 ఏప్రిల్ 1న, బిర్ పట్టణంలో. టిప్పరరీ కౌంటీ (మన జిల్లా లాంటిది) తరఫున థర్లెస్ క్లబ్, గాల్వే కౌంటీ తరఫున మీలిక్ క్లబ్ దిగాయి. థర్లెస్ 1-1 చేసింది, మీలిక్ ఖాతా తెరవలేదు. అప్పట్లో కౌంటీలో గెలిచిన క్లబ్బే కౌంటీ జట్టు. కాబట్టి ఆనాటి విజయానికి ‘మా క్లబ్ ఆల్-ఐర్లండ్ గెలిచింది’ అన్నా తప్పులేదు. క్లబ్బుల ఆల్-ఐర్లండ్ పోటీ వేరు. అది 1970-71లో మొదలైంది. ఈ రెంటినీ ఒకే మాటతో కలిపేయకండి.

ఆట వర్ణనలో ‘బంతిని నేలమీంచి తీసుకుని’ అంటే ఫౌల్ రాసినట్టే. నేలమీది బంతిని చేత్తో ఎత్తకూడదు. బిళ్ళంగోడులో బిళ్ళను లేపినట్టు కర్రతో లేపి, అప్పుడు పట్టుకోవాలి. చేత్తో పట్టుకుని నాలుగు అడుగులకు మించి నడవకూడదు. కనక ‘లేపి అందుకుని’ అనండి. కర్రకు ‘హర్లీ’ చాలు. ఐరిష్ పేరు ‘కమాన్’ వాడితే మనవాళ్లకు తలుపుమీది కమాను గుర్తొస్తుంది. సంప్రదాయంగా ఆ కర్ర యాష్ చెట్టుది, ‘బూడిద చెట్టు’ది కాదు! మొదలు దగ్గర, వేళ్లవైపు వెడల్పయ్యే భాగంలోంచి కోస్తారు. అక్కడ కలప చారలు వంపుతోపాటే తిరుగుతాయి, దెబ్బకు చీలవు. నిటారు పలకలోంచి కోస్తే వంపు దగ్గరే విరుగుతుంది.

‘జూనియర్’ వయసుకు సంబంధించింది కాదు. సీనియర్, ఇంటర్మీడియట్, జూనియర్ అనేవి పెద్దల జట్ల స్థాయులు. నలభై ఏళ్లవాడూ జూనియర్ ఆడవచ్చు. వయసును సూచించేది ‘మైనర్’. ‘జూనియర్ స్థాయి ఛాంపియన్‌షిప్’ అని రాస్తే అనుమానం తీరుతుంది.

పారిష్‌ను తెలుగు కేథలిక్కులు ‘విచారణ’ అంటారు. మిగతా పాఠకులు దాన్ని పోలీసు విచారణ అనుకుంటారు. ‘పారిష్’నే ఉంచి, ‘ఒక చర్చి పరిధిలోని ఊళ్లు’ అని ఒకసారి చెప్పండి. ఉత్త ‘గ్రామ క్లబ్’ అంటే పక్క ఊరివాళ్లు ఎందుకు ఆడుతున్నారో తెలియదు. కిల్‌కెనీ కౌంటీ బాలీహేల్ షామ్‌రాక్స్‌లో బాలీహేల్‌వాళ్లతోపాటు నాక్‌టాఫర్, నాక్‌మొయిలన్ వాళ్లూ ఆడతారు.