బొద్దుగా ఉన్నాడా లేదా అని కాదు బిడ్డా, కార్డులో గీత చూడు

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విని నాకు నిద్ర పట్టలేదు. "బాబు బక్కగా ఉన్నాడు పెద్దమ్మా, పక్కింటి పిల్లాడు వీడికంటే నెల చిన్నోడు, వాడు చూడు ఎంత బొద్దుగా ఉన్నాడో, మా అత్తమ్మ రోజూ అదే మాట, నా పాలు సరిపోవట్లేదేమో, డబ్బా పాలు మొదలుపెట్టమంటావా" అన్నావు. అప్పుడు వద్దని ఒక్క మాట చెప్పి పెట్టేశాను గానీ, ఎందుకు వద్దో చెప్పకపోతే ఆ టెన్షన్ నీకు పోదు. తీరిగ్గా చదువు, మీ అత్తమ్మకు కూడా చదివి వినిపించు. ఆమె మీద కోపం పెట్టుకోకు, ఆమెదీ ప్రేమే.

ముందు ఇల్లు కదలకుండా చేసే పని ఒకటి చెప్తాను. తల్లీబిడ్డల కార్డు తీయి. బాబు పుట్టినప్పుడు 2 కిలోల 600 గ్రాములు, మొన్న ఐదున్నర నెలలకు తూకం వేస్తే 6 కిలోల 600 అన్నావు కదా. పుట్టిన బరువుకు ఐదు నెలలకల్లా రెట్టింపు కావాలి, ఏడాదికి మూడు రెట్లు. నీ కొడుకు రెట్టింపు దాటి ముందుకు పోయాడు. వాడు చిన్నగా పుట్టాడు, తన దారిలో తను పెరుగుతున్నాడు, కార్డులో నెల నెలా పెట్టిన చుక్కలు కలిపి చూస్తే ఆ గీత ఆకుపచ్చ రంగులో పైకి పోతూనే ఉంటుంది. పక్కింటి పిల్లాడు మూడున్నర కిలోలతో పుట్టి ఉండొచ్చు, వాడి దారి వేరు. చూడాల్సింది గీత ఎటు పోతోందని. రెండు నెలలు వరసగా అడ్డంగా పడుకుందంటే, పిల్లాడు ఎంత హుషారుగా ఉన్నా ఆలోచించాలి. ఉన్నట్టుండి నిటారుగా పైకి లేచినా ఆలోచించాలి, అప్పుడు ఎత్తు కూడా కొలిపించి ఎత్తుకు తగ్గ బరువేనా అని అడగాలి. అంగన్‌వాడీలో రెండూ కొలుస్తారు.

కంటితో చూసి చెప్పకూడదని నేను ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేనే ఒకసారి మోసపోయాను. దేవరకొండ దిక్కు తండాల్లో, ఊళ్లల్లో 31 ఏళ్లు అంగన్‌వాడీ టీచర్‌గా చేశాను కదా, మొదటి రెండు మూడేళ్లలో సంగతి. అమ్మానాన్న వలస పోతే అవ్వ దగ్గర ఉన్న ఏడాదిన్నర పాప, మొహం గుండ్రంగా, బుగ్గలు నిండుగా. బరువు కూడా బాగానే చూపించింది. నేను బక్కపిల్లల వెంటపడి ఈ పాపను పట్టించుకోలేదు. ఊళ్లోకి వచ్చే నర్సమ్మ (ఏఎన్‌ఎమ్) వచ్చి పాప రెండు పాదాల మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే గుంట అలాగే ఉండిపోయింది. అది కండ కాదు, కొవ్వు కాదు, ఒంట్లో చేరిన నీరు. పాపకు పొద్దున చాయ్‌లో ముంచిన బన్ను, మధ్యాహ్నం, రాత్రి పల్చని గంజి తప్ప ఏమీ అందట్లేదు. జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయాం, పాప బతికింది, అయినా ఆ గుంట నేను మరిచిపోలేదు. అప్పట్నుంచి నాకు బొద్దు పిల్లలను చూసినా భయమే, బక్క పిల్లలను చూసినా భయమే, కొలిచి చూసేదాకా నమ్మను.

ఇక డబ్బా పాల సంగతి. ఆరు నెలలు నిండేదాకా నీ పాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దు, ఎండాకాలమైనా వద్దు, పాలల్లోనే నీళ్లు ఉంటాయి. తేనె నాకించమని ఎవరైనా అంటే ఏడాది నిండేదాకా అస్సలు ఒప్పుకోకు, అందులో ఉండే ఒక రకం క్రిమి పసిపిల్లల పేగుల్లో విషం పుట్టించగలదు. పిల్లాడు రోజుకు ఆరేడుసార్లు ఉచ్చ పోస్తున్నాడు, బరువు పెరుగుతున్నాడు అంటే నీ పాలు సరిపోతున్నట్టే. రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి, డబ్బా ఆహారానికి ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992లోనే చట్టం చేశారు, 2003లో ఇంకా గట్టి చేశారు. ఊరికే చేయలేదు. పల్చగా కలిపితే పిల్లాడు ఎండిపోతాడు, చిక్కగా కలిపి సీసా ఖాళీ అయ్యేదాకా పట్టిస్తే ఆకలి లేకుండా తాగడం అలవాటై బరువు అడ్డదిడ్డంగా పెరుగుతుంది, సీసా సరిగ్గా కడగకపోతే విరేచనాలు. తల్లికి పాలు నిజంగా రాక, డాక్టర్ చెప్పి పట్టేవాళ్ల సంగతి వేరు, వాళ్లను నేనేమీ అనను.

వచ్చే నెల నువ్వు డ్యూటీకి పోతావు కదా. పొద్దున చేతులు కడుక్కుని పాలు పిండి శుభ్రమైన స్టీలు గిన్నెలో మూత పెట్టి పో. బయట నాలుగు గంటలకు మించి ఉంచొద్దు, మన జడ్చర్ల ఎండల్లో అయితే ఫ్రిజ్‌లోనే పెట్టు. మీ అత్తమ్మను సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టమను. ఇంటికి రాగానే, రాత్రిపూట రొమ్ము పట్టు. రెండేళ్లు, వీలైతే ఆ పైన కూడా.

ఆరు నెలలు నిండిన మర్నాడే అన్నం ముట్టించండి. ముహూర్తం కోసం ఎనిమిదో నెల దాకా ఆపడం నేను ఎన్ని ఇళ్లల్లో చూశానో, గీత అడ్డం పడేది సరిగ్గా అక్కడే. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి దాచుకున్న ఇనుము ఆరు నెలలకు అడుగంటుతుంది, పాలల్లో అది చాలా తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లల్లో నూటికి 70 మందికి రక్తం తక్కువని తేలింది, ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో ఎత్తుకు మించిన బరువున్న పిల్లలు కూడా ముందటి సర్వే కంటే పెరిగారు. రెండూ మన ఇళ్లల్లోనే, ఒక్కోసారి ఒక్క పిల్లాడిలోనే, బరువు ఎక్కువ, రక్తం తక్కువ.

ఏం పెట్టాలి అనే దానికంటే ఎంత చిక్కగా పెట్టాలి అనేది పెద్ద విషయం, దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, విసుక్కోకు. మనోళ్లు పసిపిల్లలకు పప్పు మీది కట్టు, గంజి, పల్చని అంబలి పడతారు, అరుగుతుందని. వాడి కడుపులో ఒకసారికి 200 మిల్లీలీటర్లకు మించి పట్టదు. ఆ జాగాను నీళ్లతో నింపేస్తే శక్తి ఎక్కడ్నుంచి వస్తుంది? ఆరు నుంచి ఎనిమిది నెలల్లో నీ పాలు కాక పైతిండి నుంచి రోజుకు 200 కేలరీలు అందాలి, తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో 300, రెండో ఏట 550. అందుకే అన్నం, పెసరపప్పు కలిపి మెత్తగా ఉడికించి మెదిపి, చెంచాతో తీసి వంచి చూడు. జారిపోతే నీళ్లు ఎక్కువైనట్టు, చెంచాకు పట్టుకుని మెల్లగా పడితే సరిగ్గా ఉన్నట్టు. ఆ గిన్నెలో ఒక చెంచా నెయ్యో నూనెనో వేస్తే ముద్ద పెరగకుండానే 45 కేలరీలు పెరుగుతాయి. మిక్సీలో రసంలా తిప్పకు, చేత్తో మెదుపు. ఎనిమిది తొమ్మిది నెలలకు కాస్త పలుకు తగలాలి, లేకపోతే నమలడం రాదు.

మొదటి వారం రెండు మూడు చెంచాలు, రోజుకు రెండుసార్లు. తొమ్మిదో నెలకు సగం కప్పు, మూడు నాలుగుసార్లు. ఏడాది దాటాక ముప్పావు నుంచి ఒక కప్పు, మధ్యలో పండో ఉడికిన గడ్డో. కొత్త వస్తువు ఒక్కోటి పెట్టి రెండు మూడు రోజులు చూడు. మీ దగ్గర ఏం తక్కువని? తైదల (రాగుల) పిండి జావ, జొన్న గటక మెత్తగా చేసి పెరుగుతో, శివరాత్రికి ఉడకబెట్టుకునే కందగడ్డ (చిలగడదుంప), గుమ్మడికాయ, మునగాకు, పాలకూర పప్పులో ఉడికించి మెదిపి. పల్లీలు మన పాలమూరులో బాగా పండుతాయి కదా. వేయించి పొట్టు తీసి మెత్తటి పొడి చేసి అన్నంలో కలుపు, పలుకులు మాత్రం చేతికివ్వకు, గొంతులో అడ్డం పడతాయి. ఆకుకూర పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులో ఉన్న ఇనుము ఒంటికి బాగా పడుతుంది. చాయ్ దాన్ని పట్టనివ్వదు, అందుకే పిల్లలకు చాయ్ వద్దంటాను. గుడ్డు వేడి అని మీ అత్తమ్మ అంటుంది, ఆరు నెలలు దాటాక బాగా ఉడికించి మెదిపి పెట్టొచ్చు, పచ్చసొన, తెల్లసొన రెండూ. ఆదివారం కూర వండినప్పుడు కారం వేయకముందే కార్జం (లివర్) ముక్క తీసి ఉడికించి నూరి పెట్టు, రక్తానికి అంతకంటే మంచిది నాకు తెలియదు. ఏడాది దాకా వాడి గిన్నెలో ఉప్పు, చక్కెర వేయొద్దు. వాడికి ఇంకా ఆ రుచి తెలియదు, నీ నాలుకకు చప్పగా ఉంటే వాడికీ చప్పగా ఉన్నట్టు కాదు.

అంగన్‌వాడీలో పేరు రాయించావా? ఏడో నెల నుంచి బాలామృతం నెలకు రెండున్నర కిలోలు, గుడ్లు కూడా ఇస్తారు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె కలిపి వేయించిన పిండి అది. అందులో ముందే చక్కెర ఉంటుంది కాబట్టి ఇంకా బెల్లం కలపకు, దాంతోనే రెండు పూటలు గడపకు, ఇంటి తిండికి తోడుగా పెట్టు. ఆ పిండిని బర్రెల కుడితిలో కలపడం నా కళ్లతో చూశాను, ఇంటికి పోయి గట్టిగా అరిచిన రోజులున్నాయి. ఆరు నెలలు నిండాక ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటర్ పడతారు, తొమ్మిదో నెల టీకాతో విటమిన్-ఎ చుక్కలు, ఏడాది దాటాక నులిపురుగుల మందు. ఇవి ఆశా కార్యకర్త వచ్చి అడిగేదాకా ఆగకుండా నువ్వే అడుగు.

రెండో ఏడు గురించి ఇప్పుడే చెప్పి పెడతాను, అప్పటికి నేను గుర్తు చేస్తానో లేదో. మొదటి ఏడు ఆరేడు కిలోలు పెరిగిన పిల్లాడు రెండో ఏట మొత్తానికి రెండున్నర కిలోలే పెరుగుతాడు. ఆకలి తగ్గుతుంది, నడక వస్తుంది, ముద్ద చూస్తే ఉరుకుతాడు. అది రోగం కాదు. అందరూ బెదిరిపోయేది అప్పుడే, ఫోన్ చేతికిచ్చి నోట్లో కుక్కడం, తినట్లేదని బిస్కెట్లు, పది రూపాయల చిప్స్ ప్యాకెట్, కూల్ డ్రింక్, పాలల్లో రెండు చెంచాల చక్కెర పొడి. ఫోన్ చూస్తూ తినే పిల్లాడికి కడుపు నిండిన సంగతి తెలియదు. నా సొంత మనవడికి అట్లనే చేశారు, నేను కూడా ఊరుకున్నాను, ముద్దుగా ఉన్నాడని. ఇప్పుడు ఎనిమిదేళ్లకు మెట్లు ఎక్కితే ఆయాసపడతాడు, తోటి పిల్లలు ఎక్కిరిస్తే స్కూలుకు పోనంటాడు. వాణ్ని చూసినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది. అందుకే నీకు చెప్తున్నాను, నోరు మూసి మొహం తిప్పుకుంటే గిన్నె తీసేయి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది నీ పని, ఎంత తినాలి అనేది వాడి పని. మీతో పాటు కూర్చోబెట్టి వాడి గిన్నె వాడికివ్వు, చల్లుకుంటే చల్లుకోనీ. రెండేళ్ల దాకా ఫోన్ చూపించొద్దు. పొద్దంతా చంకలో, ఉయ్యాలలో కాకుండా చాప మీద వదిలితే పాకుతాడు, అదే వాడికి కసరత్తు.

చిన్నగా పుట్టిన పిల్లలకు ఇంకో కారణం కూడా ఉంది జాగ్రత్త పడడానికి. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం చాలా ఏళ్ల కింద చూపించింది, మన దేశపు పిల్లలు బరువు తక్కువగా పుట్టినా ఒంట్లో కొవ్వు వాటా ఎక్కువ ఉంటుందని. అలాంటి పిల్లాడిని చక్కెరతో, నూనెలో వేయించిన ప్యాకెట్ తిండితో గబగబా బొద్దుగా చేస్తే పెద్దయ్యాక షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. మీ మామకూ ఉంది కదా షుగర్.

నీళ్ల మాట. వాడికి వండే నీళ్లు, తాగే నీళ్లు మిషన్ భగీరథ నల్లా నీళ్లే, కాచి చల్లార్చి. బోరు నీళ్లు వద్దు, నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగినదాన్ని నేను, కాస్తే ఫ్లోరైడ్ పోదు. విరేచనాలు పట్టుకుంటే పాలు ఆపకు, తిండి ఆపకు, ఓఆర్ఎస్ పట్టు, జింక్ మాత్రలు తగ్గినా సరే 14 రోజులు వేయాలి. తగ్గాక రెండు వారాలు రోజుకో పూట ఎక్కువ పెట్టు, పోయిన బరువు అప్పుడే తిరిగొస్తుంది.

ఆరు నెలలు దాటాక భుజం కింద దండచేయి చుట్టుకొలత అంగన్‌వాడీ టేపుతో కొలిపించు. పన్నెండున్నర సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే వెంటనే చూపించాలి, పదకొండున్నర కన్నా తక్కువైనా, రెండు పాదాల్లో నొక్కితే గుంట పడినా, పాలు తాగలేక మగతగా ఉన్నా ఇంట్లో ఒక్క రోజు కూడా ఆగకూడదు, జిల్లా ఆసుపత్రికి పోవాలి. నీ బాబుకు అవేవీ లేవు.

ఆదివారం కార్డు రెండు వైపులా ఫొటో తీసి పంపు, ఫ్లాష్ లేకుండా, గీతలు కనబడేలా. తైదలు మొలకెత్తించి ఎండబెట్టి ఇక్కడ పిండి పట్టిస్తున్నాను, మీ బాబాయి వచ్చే వారం జడ్చర్ల మీదుగా పోతాడు, ఆయన చేత రెండు కిలోలు పంపిస్తాను. మీ అత్తమ్మతో నేనే మాట్లాడతాను, సాయంత్రం ఆమె ఖాళీగా ఉన్నప్పుడు ఫోన్ చేయించు.

మీ పెద్దమ్మ